యుగాంతమక్క పుస్తకంతో పెట్టుకున్న తగువు

సరే, మీరే చెప్పండి మరి, పుస్తకంతో పోట్లాడే మనిషిని మీరెక్కడైనా చూశారా? అత్తతో పోట్లాడేవాళ్ళని చూసుంటారు, బస్సు కండక్టరుతో పోట్లాడేవాళ్ళని చూసుంటారు. మా అక్క అచ్చేసిన కాగితంతో పోట్లాడుతుంది. అదీ మామూలు పుస్తకం కాదు. లోకం అంతమైపోయి, చచ్చినవాళ్ళు లేచి తిరుగుతూ, బతికున్నవాళ్ళని పీక్కుతినే పుస్తకం. కాలేజీ వయసు పిల్లల కోసం రాసిందట. మా అక్కకి నెత్తి సగం నెరిసింది, మోకాళ్ళు కిరకిరలాడతాయి. అయినా "ఒరే రచయితా, నీ చెయ్యి పడిపోను!" అని మొదలుపెట్టిందంటే ఇక ఆ పూటకి ఆ రచయిత పని అయిపోయినట్టే.

అక్కంటే తోడబుట్టిన అక్క కాదు. మేమిద్దరం శవాల బండి మీద పని చేస్తాం. ఆవిడ డ్రైవరు, నేను స్ట్రెచర్ మోసేవాణ్ణి. ఆసుపత్రి వెనక గేటు నుంచి శ్మశానం దాకా మనిషిని దింపి రావడం మా ఉద్యోగం. ఆ పుస్తకం పట్టుకున్నప్పటి నుంచి, బళ్ళు పెట్టే షెడ్డులో ఆవిణ్ణి అందరూ యుగాంతమక్క అంటారు. ముందు చాటుగా అనేవాళ్ళు, తర్వాత ముఖం మీదే అన్నారు. ఆవిడ "ఊఁ, ఏంటి?" అని పలికింది. ఇంకేముంది, అదే పేరైపోయింది.

ఆ పుస్తకం పాత కాగితాల కొట్లో దొరికింది. బండి సీటు చిరిగి స్పంజి బయటికొస్తే, లోపల కుక్కడానికి కాగితాలు తెద్దామని వెళ్ళాం. గుట్టలోంచి నల్లట్ట పుస్తకం ఒకటి జారిపడింది. అట్ట మీద అచ్చం మా బండి లాంటి తెల్లబండి, వెనక తలుపులు బార్లా తీసి, లోపలంతా చీకటి.

"ఒరేయ్ తమ్ముడూ, మన బండి బొమ్మేశారు చూడు. ఒక్క మాటైనా అడిగారా మనల్ని?" అంది అక్క. అంతే, కాగితాల సంగతి మర్చిపోయి పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చేసింది. ఆ సీటు ఇప్పటికీ చిరిగే ఉంది.

బండి నడిపేది ఆవిడ కాబట్టి చదవాల్సింది నేనే. నా చదువు సంగతి చెప్పాలంటే, బస్సు మీద బోర్డు చదివేలోపు బస్సు వెళ్ళిపోతుంది. ఒక అక్షరాన్ని పట్టుకుని, పక్కదానికి ముడేసి, రెండింటినీ కలిపి ఈడ్చుకుంటూ పోతాను. అక్కకి అదే నచ్చింది. "నువ్వు చదువుతుంటే మధ్యలో తిట్టుకోడానికి తీరికగా ఉంటుందిరా" అంది.

కథ ఏంటంటే, ఒక రోజు పొద్దున్నే లోకంలో పెద్దవాళ్ళంతా చచ్చిపోతారు. సాయంత్రానికి లేస్తారు. లేచి పిల్లల వెంట పడతారు. ఇద్దరు ఆడపిల్లలు తప్పించుకుని ఊళ్ళు దాటుకుంటూ పారిపోతుంటారు. వాళ్ళ పేర్లకి నా నోరు తిరగలేదు. అందుకని ఒకామెకి కళ్ళజోడు పిల్లని, ఇంకొకామెకి పొట్టిజుట్టు పిల్లని మేమే పేర్లు పెట్టుకున్నాం.

"పెద్దవాళ్ళందరూ ఒక్కసారిగా రాక్షసులైపోయి, కన్నపిల్లల్నే తరుముతున్నారంటక్కా."

"ఇందులో వింతేముంది? చదువు."

"చచ్చినాయన మెట్లెక్కి పరి...గెత్తుకుంటూ వచ్చాడు."

బండి కీచుమని ఆగింది. "ఎవడు పరిగెత్తిందీ?"

"చచ్చినాయనక్కా."

"ఎప్పుడు చచ్చాడు?"

"పొద్దున."

"పొద్దున చచ్చినవాడికి సాయంత్రానికి మోకాలు వంగుతుందా? మొన్న మూడో అంతస్తు నుంచి దింపామే, ఆ బడి మేష్టారు వంగాడా? మెట్ల మలుపు దగ్గర బీరువాని తిప్పినట్టు తిప్పాల్సొచ్చింది!"

"అక్కా, మెల్లగా. వెనకాల శవం తాలూకు వాళ్ళున్నారు."

"ఉంటే? వాళ్ళని కూడా అడుగు, వంగుతుందేమో!"

ఇలా ఉండేది మా చదువు. ఒక పేజీ చదివితే రెండు పేజీల తిట్లు.

కొన్నాళ్ళకి ఒక చోట నేను టక్కున ఆగిపోయాను. అక్క "ఏంటి, గొంతులో ముల్లు పడిందా?" అంది.

"కాదక్కా. ఇక్కడ ఏదో తప్పు పడినట్టుంది. వీళ్ళిద్దరూ... ముద్దు పెట్టుకున్నారంట."

"ఎవరిద్దరు?"

"మన కళ్ళజోడు పిల్లా, పొట్టిజుట్టు పిల్లా."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. ముద్దు అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు. అక్క కాసేపు స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేసింది. "లోకమంతా చచ్చింది. మిగిలింది ఇద్దరు. ముద్దు పెట్టుకోక కొట్టుకుంటారా?"

"అది కాదక్కా, లోకం చావకముందు నుంచే ఇష్టమంట. ఇంట్లో తెలిస్తే చంపేస్తారని దాచుకున్నారంట."

"ఓహో." ఇంకాసేపు తాళం. "అయితే మరీ మంచిది. తెలిసిన మనిషే తోడు దొరికింది. చదువు, చదువు, ఆ గోడ వెనక ఎవడో నక్కాడన్నావ్, వాడి సంగతేంటో చూడు." అక్క ఆ ముద్దు గురించి తీర్పు చెప్పింది అంతే. మోకాలు వంగడం గురించి మాత్రం వారం పాటు దుమ్మెత్తిపోసింది.

ఇంకోసారి ఒక పెద్దాయన్ని తీసుకెళ్తున్నాం. బతికున్నన్నాళ్ళూ ఇంటిల్లిపాదినీ గడగడలాడించిన మనిషట. వెనక ఒక కొడుకు, ఇద్దరు కోడళ్ళు కూర్చున్నారు. నేను పుస్తకంలో పడి, గొంతు ఎంత పెద్దదైందో చూసుకోలేదు.

"వే...లు. వేలు క...దిలింది. కళ్ళు తె...రిచాడు. మెల్లగా లేచి కూర్చున్నాడు."

వెనక నుంచి కెవ్వుమని కేక. సిగ్నల్ దగ్గర బండి ఆగీ ఆగకముందే తలుపు తెరుచుకుంది. కోడళ్ళిద్దరూ రోడ్డు మీద ఉన్నారు. కొడుకు ఒక్కడే లోపల తండ్రి చెయ్యి పట్టుకుని "నాన్నా, నాన్నా" అని ఊపుతున్నాడు. అక్క దిగి వెళ్ళింది.

"ఏం లేదమ్మా, వీడు పుస్తకం చదువుతున్నాడు. పుస్తకంలో వాడు లేచాడు. ఎక్కండి."

చిన్న కోడలు ఎక్కింది. పెద్ద కోడలు ఎక్కలేదు. అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని, గొంతు బాగా తగ్గించి అడిగింది. "నిజం చెప్పండి. మళ్ళీ లేవరు కదా?"

"లేవరమ్మా. పూచీ నాది."

అప్పుడెక్కింది.

ఆ సంగతి షెడ్డు సూపర్వైజరు దాకా వెళ్ళింది. మమ్మల్నిద్దర్నీ పిలిచి నిలబెట్టాడు. "చదువుకుంటే చదువుకోండి, కాదన్ను. మనసులో చదువుకోండి" అన్నాడు.

"మనసులో చదవడం వీడికి రాదండి" అంది అక్క. నిజమే, నాకు రాదు.

నవ్వుకుంటున్నారు కదా. నవ్వుకోండి. కానీ ఆ ఏడు ఎలాంటి ఏడో కూడా చెప్పాలి. ఎండలు మండిపోయాయి, ఎండల వెనకే జ్వరాలు వచ్చాయి. బండి కడిగేందుకు కూడా తీరిక లేదు. ఒకర్ని దింపి వెనక్కి వస్తే గేటు దగ్గర ఇంకొకరు సిద్ధం. ముసలాళ్ళు పోతే ఏదోలా సర్దుకుంటాం. ఆ ఏడు వయసు పిల్లలు పోయారు. స్ట్రెచర్ తేలిగ్గా ఉన్న రోజున మేమిద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. పుస్తకం ఒక్కటే మాట్లాడేది. ఒకసారి నేనే అడిగాను, "రోజంతా చావులే కదక్కా, చదివేది కూడా అవేనా?" అని. "ఆ చావుల్ని తిట్టొచ్చురా. వీటికి ఎవర్ని తిట్టను?" అంది.

అలాంటి రోజుల్లోనే పుస్తకంలో పొట్టిజుట్టు పిల్ల చచ్చిపోయింది. పాడుబడిన పెట్రోలు బంకులో, నీళ్ళ కోసం వెళ్ళి. చచ్చినవాళ్ళ గుంపు వచ్చేస్తోందని కళ్ళజోడు పిల్ల ఆమెని అక్కడే వదిలేసి పరిగెత్తింది. అది చదివేసరికి అక్క బండి పక్కకి తీసి, స్టీరింగ్ మీద తల పెట్టి భోరున ఏడ్చింది. బండిలో అప్పుడు ఎవరో తాతగారున్నారు. ఆయన కొడుకు, అప్పటిదాకా కళ్ళు తడవని మనిషి, కిందికి దిగి వచ్చి అక్కకి మంచినీళ్ళ సీసా ఇచ్చాడు.

"మా నాన్న మీకు తెలుసామ్మా?"

"తెలీదు బాబూ. పొట్టిజుట్టు పిల్ల పోయింది."

ఆ మాట ఆయనకేం అర్థమైందో గానీ, "అయ్యో, ఎంత వయసమ్మా?" అని ఆయనా ఏడవడం మొదలుపెట్టాడు. నేను ఇద్దరి భుజాలూ తట్టాను. మా పనిలో అన్నీ ఉంటాయి.

ఆ రోజు నుంచి అక్క పుస్తకం తెరవనివ్వలేదు. కానీ తగువు ఆపలేదు.

"కాసేపు కూర్చోనివ్వొద్దురా ఆ కళ్ళజోడు పిల్లని? లోకంలో ఇంకెవరూ లేరు. అడ్డం చెప్పే అమ్మ లేదు, అన్న లేడు. అప్పుడు కూడా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునే వీలు లేకపాయె! ఏం రచయితరా వాడు?"

"గుంపు వస్తోంది కదక్కా."

"గుంపుని కాస్త ఆలస్యంగా రప్పించొచ్చు కదా! వాడి చేతిలో పనే కదా!"

ఒక మధ్యాహ్నం ఆసుపత్రి వెనక గేటు దగ్గరికి పిలుపొచ్చింది. కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి, జ్వరం. వాళ్ళమ్మ, అన్న, ఒక బాబాయి వచ్చారు. మేము పడుకోబెట్టాం, దుప్పటి సర్దాం. సైకిల్ స్టాండు దగ్గర ఫ్యాక్టరీ బట్టల్లోనే ఇంకొక అమ్మాయి నిలబడి ఉంది. ఆమె రెండడుగులు ముందుకు వేసింది. అన్న ఎదురెళ్ళాడు.

"నీకు చెప్పానా, లేదా? మా చెల్లి బతికున్నప్పుడు పట్టిన పీడ చాలు. ఇక్కడ కనిపించావంటే మర్యాదగా ఉండదు."

ఆ అమ్మాయి మళ్ళీ సైకిళ్ళ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఏడవలేదు. ఎటు చూడాలో తెలీనట్టు ఒక సైకిలు బెల్లు వైపు చూస్తోంది.

"ఎవర్రా ఆ పిల్ల?" అంది అక్క.

నేను గేటు దగ్గరున్న ఆసుపత్రి ఆయాని అడిగొచ్చాను. "స్నేహితురాలంటక్కా. ఒకే గదిలో ఉండేవాళ్ళంట. జ్వరమొచ్చిన రోజు నుంచి ఆసుపత్రిలో దగ్గరుండి చూసుకుంది ఈ పిల్లేనంట. వీళ్ళు వచ్చాక లోపలికి రానివ్వలేదంట."

అక్క సైకిల్ స్టాండు వైపు తిరిగి చూసింది. "తమ్ముడూ, అది కళ్ళజోడు పిల్లరా" అంది.

"కళ్ళజోడు లేదు కదక్కా."

"ఉంటేనే కళ్ళజోడు పిల్లా? మొద్దు!"

అప్పుడు నాకు వెలిగింది. అక్క వెళ్ళి అన్నని అడిగింది. "ఇంకెవరైనా చూడాలా బాబూ?"

"ఎవరూ లేరు. తలుపు వెయ్యండి."

అక్క తలుపేసింది, ముందుకొచ్చి కూర్చుంది, తాళం తిప్పింది. బండి గుర్రుమని ఆగిపోయింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ గుర్రు. మా బండి చూడ్డానికి ముసలిదే గానీ, చెయ్యి వేస్తే చాలు లేచే రకం. నేను నోరు తెరవబోయాను. అక్క నా కాలు తొక్కింది.

"బ్యాటరీ పడుకుంది బాబూ. మీరు ముందు వెళ్ళండి, లేకపోతే శ్మశానం ఆఫీసువాళ్ళు భోజనానికి తలుపేసుకుంటారు. సంతకాలవీ అయ్యేలోపు మేము తెచ్చేస్తాం."

"మా మనిషి ఒకరు తోడుండాలి కదా?" అన్నాడు బాబాయి.

"నేనున్నా, వీడున్నాడు. చచ్చినవాళ్ళు లేచి పారిపోరు నాయనా, పుస్తకాల్లో తప్ప."

వాళ్ళు ఆటో పిలుచుకున్నారు. ఆ తల్లి ఎక్కబోతూ ఆగింది. సైకిల్ స్టాండు వైపు చూసింది. తర్వాత అక్క వైపు తిరిగి, కొడుక్కి కూడా వినపడేలా, "తొందరేం లేదమ్మా. నెమ్మదిగా తీసుకురండి" అంది. ఎక్కి కూర్చుని ఇక ఇటు చూడలేదు.

ఆటో మలుపు తిరగ్గానే అక్క ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. "ఏమ్మా, బండి తొయ్యడానికి ఒక మనిషి తక్కువైంది. వస్తావా?"

వచ్చింది పాపం. బండి వెనక రెండు చేతులూ ఆనించి నిలబడింది. అక్క ఆ చేతుల్ని పక్కకి తీసి, తలుపు తెరిచింది. "తొయ్యక్కర్లేదు. ఎక్కి కూర్చో. ఎవరూ రారు."

తలుపేసి, దానికి వీపు ఆనించి, బడి గేటు కాసే వాచ్‌మన్‌లా నిలబడింది. లోపలి నుంచి చిన్నగా మొదలైంది. అది ఏడుపని అనలేను, ఏదో జంతువు గొంతులా ఉంది. గేటు దగ్గర జనం తిరిగి చూస్తున్నారు.

"పుస్తకం తియ్యి" అంది అక్క.

"ఇప్పుడాక్కా?"

"తియ్యి. గట్టిగా చదువు. ఎంత గొంతుంటే అంత."

నేను బండి పక్కన ఎండలో నిలబడి చదివాను. లోపలి గొంతు పెద్దదైతే నేనూ పెంచాను. పెట్రోలు బంకు, గుంపు, కళ్ళజోడు పిల్ల పరుగు. మందులు తీసుకుని వెళ్ళేవాళ్ళు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. నయం, నన్నే చూశారు. ఆసుపత్రి వాచ్‌మన్ కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"ఏయ్, ఏంటిది? బండి తియ్యండి ఇక్కణ్ణుంచి."

"బ్యాటరీ డౌను. చదువుకుంటున్నాం, కనబడట్లా?" అంది అక్క.

అతను వెళ్ళిపోతాడనుకున్నాను. నీడ చూసుకుని కూర్చున్నాడు. కాసేపయ్యాక, "అయితే ఆ పిల్ల దొరికిపోయిందా?" అన్నాడు.

"ఉండవయ్యా, వాడసలే నత్త" అంది అక్క.

లోపలి నుంచి తలుపు మీద వేలితో కొట్టిన చప్పుడైంది. అక్క తీసింది. ఆ అమ్మాయి ముఖం తుడుచుకుని, నా వైపు చూసి, "అన్నా, మీరు ఆ పేజీ రెండుసార్లు చదివారు" అంది.

చూసుకుంటే నిజమే. కంగారులో పేజీ తిప్పడం మర్చిపోయాను. వాచ్‌మన్ "నేనూ అదే అనుకుంటున్నా, ఎంత పరిగెత్తినా బంకు దగ్గరే ఉందేంటాని" అన్నాడు. ఆ అమ్మాయి పెదవి కొంచెం కదిలింది. ఆ రోజుకి అదే ఎక్కువ.

అక్క చీర మీద వేసుకున్న తన ఖాకీ చొక్కా విప్పి ఆమెకి తొడిగింది, ఒక్క తిప్పుకే బండి లేపి శ్మశానానికి పోనిచ్చింది. శ్మశానం గేటు నుంచి లోపలి దాకా ఇరుకు మెట్లు, అలవాటు లేనివాళ్ళు జారతారు. అందుకని అక్కడ మొయ్యాల్సింది బండివాళ్ళేనని నియమం. ఎప్పుడూ తల వైపు అక్క పడుతుంది. ఎంత మోకాలు నొప్పున్నా ఇంకొకరికి ఇవ్వదు. ఆ రోజు స్ట్రెచర్ దించాక అక్క పక్కకి జరిగింది. "నువ్వు పట్టు. వెనక్కి చూడకు, అడుగు చూసుకో" అంది.

అన్న ముందుకొచ్చాడు. "ఈమేంటి ఇక్కడ?"

"మా హెల్పరు. ఇవాళే చేరింది."

"హెల్పరేంటి, ఇది..."

"బాబూ, చొక్కా చూడు. ఈ మెట్ల మీద ఆ చొక్కా ఉన్నవాళ్ళే మొయ్యాలి. లేదంటావా, నువ్వు తొడుక్కో, ఇంకొకటుంది. రోజూ రావాలి మరి."

తల్లి అతని మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. ఆ అమ్మాయి తల వైపు, నేను కాళ్ళ వైపు. ఒక్క మెట్టు దగ్గర కూడా తడబడలేదు. కొత్తవాళ్ళలో అంత కుదురుగా మోసినవాళ్ళని నేను చూడలేదు.

తిరుగుదారిలో ఖాళీ బండిలో ఆమెని గది దగ్గర దింపాం. తర్వాత సెలవు రోజుల్లో అక్క అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టింది, నన్నూ లాక్కెళ్ళేది. ఇప్పుడు పుస్తకం ఆ పిల్లే చదువుతుంది, బస్సు వెళ్ళేలోపే బోర్డు చదివే రకం. తిట్టుకోడానికి టైం చాలట్లేదని అక్క గోల.

ఒకరోజు అక్క మళ్ళీ పెట్రోలు బంకు ఎత్తింది. "వాడికసలు మనసుందా?"

"వాడు కాదక్కా. రాసింది ఆడమనిషి. వెనకట్ట మీద ఫోటో ఉంది" అంది ఆ పిల్ల.

"ఆడమనిషా! అయితే ఇంకో రెండెక్కువ తిట్టాలి."

"తిట్టకండి." ఆ పిల్ల పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. "అక్కడ కూర్చోబెడితే ఇంక లేచేది కాదు. అందుకే పరిగెత్తించింది."

అక్క ఆమె వైపు తిరిగింది. "నువ్వు లేచావు కదే."

"నన్ను మీరు స్ట్రెచర్ పట్టమన్నారు కదా."

అక్క ముక్కు చీదుకుని, "మరి ఆవిడకా మాత్రం తోచొద్దూ? బంకులో ఒక స్ట్రెచర్ పెట్టి ఉండాల్సింది!" అంది. ఆ పిల్ల పడీపడీ నవ్వింది. ఆ గదిలో ఆమె గట్టిగా నవ్వడం అదే మొదలు.

ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడు పడటం లేదు. ఆ గదిలో కొళాయి కారుతుంది. టప్, టప్ అని చుక్క పడుతూనే ఉంటుంది. "ఈ చప్పుడుకి మనిషి నిద్రెలా పోతుంది? వాషర్ మారిస్తే చాలు, నేను తెస్తా" అని అక్క మొదటి రోజే మాటిచ్చింది. తెచ్చింది, పెద్దదైంది. మళ్ళీ తెచ్చింది, చిన్నదైంది. ఆ తర్వాత తెచ్చింది అసలు కొళాయిదే కాదు, సైకిలు పంపుది. బండి ఇంజను చీకట్లో విప్పి బిగించే మనిషండీ ఈవిడ! చేత్తో తడిమి బోల్టు సైజు చెప్పే మనిషి! హార్డ్‌వేరు కొట్టు చూస్తే వీధి చివరే ఉంది.

ఇవాళ కూడా ఇద్దరం వచ్చాం. తలుపు తియ్యగానే అక్క ముఖం చిన్నబుచ్చుకుని, "అయ్యో, వాషర్ మర్చిపోయానే. వచ్చే సెలవుకి తప్పకుండా తెస్తా" అంటూ చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి కూర్చుంది.